ఇక్కడి బడి, అక్కడి బడి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వేసవి వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి హైదరాబాద్ తిరిగొస్తున్నవాళ్ళవో, ఇక్కణ్ణుంచి అక్కడికి బయల్దేరుతున్నవాళ్ళవో ఉంటాయి. చాలామంది చివర్లో ఒక మాట అడుగుతారు: ఇంతకీ ఏ దేశం చదువు ముందుంది? ఆ లెక్క తేల్చినా మీ పిల్లకు ఒరిగేదేమీ లేదు. ఒకే పాఠాన్ని ఒక దేశం నాలుగో తరగతిలో చెబితే ఇంకో దేశం ఆరులో చెబుతుంది. పిల్ల సరిగ్గా ఆ రెంటి నడుమ ఊరు మారితే తడబడుతుంది. ఏ తరగతిలో మారుతున్నారన్నదే చూసుకోవాలి. ఈ నెల జవాబులన్నీ ఆ లెక్కనే రాశాం.

ప్రశ్న: టెక్సాస్‌లో పుట్టి పెరిగిన మా అబ్బాయి మే నెలాఖరుకు నాలుగో గ్రేడ్, అమ్మాయి ఏడో గ్రేడ్ పూర్తి చేస్తారు. జూన్‌లో వచ్చేస్తున్నాం. ఏ తరగతుల్లో చేర్చాలి? ఇక్కడి స్కూలువాళ్ళు టీసీ తెమ్మంటున్నారు. అక్కడి స్కూలువాళ్ళకు టీసీ అంటేనే తెలియదు. – ఒక తల్లి, కొండాపూర్‌లో ఇల్లు వెతుక్కుంటూ

అబ్బాయి ఐదులో, అమ్మాయి ఎనిమిదిలో. అనుమానం అక్కర్లేదు. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి 6 ఏళ్ళు నిండినవాళ్ళు ఒకటో గ్రేడులో ఉంటారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒకటో తరగతికి 6 ఏళ్ళనే చెప్పింది. అయితే హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్ళలో 5 నిండగానే ఒకటిలో కూర్చున్న పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. కాబట్టి మీ అబ్బాయి పక్కన కూర్చునేవాళ్ళు కొందరు అతనికన్నా ఏడాది చిన్నవాళ్ళయి ఉండొచ్చు. అది చూసి 'ఆరులో వేయండి' అని మీరు అడగకండి. లెక్కల్లో ఒక ఏడాది పాఠం ఎగిరిపోతే పూడ్చడం కష్టం.

ఇక టీసీ సంగతి. అమెరికా ప్రభుత్వ బడిలో ఆ పేరుతో కాగితం ఉండదు. అక్కడ 'విత్‌డ్రాయల్ ఫారం' అంటారు. అందులో మనవాళ్ళకు కావలసినవన్నీ ఉండవు గనక, స్కూలు లెటర్‌హెడ్ మీద విడిగా ఒక ఉత్తరం రాయించుకోండి. పిల్ల పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఆ స్కూల్లో చేరిన తేదీ, చివరిగా హాజరైన తేదీ, పూర్తి చేసిన గ్రేడ్, పై గ్రేడుకు అర్హత ఉందన్న మాట, నడవడి బాగుందన్న ఒక వాక్యం ఉండాలి. రిజిస్ట్రార్ గానీ ప్రిన్సిపాల్ గానీ నోటరీ ఎదుట సంతకం చేస్తేనే ఆ కాగితం మీద రాష్ట్ర ప్రభుత్వం అపోస్టీల్ (కాగితం అసలైనదని విదేశాల్లో చెల్లే ముద్ర) వేస్తుంది. టెక్సాస్‌లో అది ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం పని. భారత్ 2005 నుంచి అపోస్టీల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఆ ముద్ర పడ్డాక మళ్ళీ ఎంబసీ చుట్టూ తిరగనక్కర్లేదు. బర్త్ సర్టిఫికెట్‌కు కూడా అప్పుడే వేయించండి. తల్లిదండ్రుల పేర్లున్న పూర్తి ప్రతి తీసుకోండి, చిన్న కార్డు పనికిరాదు.

ఇదంతా మే నెలలోనే అయిపోవాలి. జూన్‌లో స్కూలు ఆఫీసు తలుపు సగం మూసే ఉంటుంది, సంతకం చేసే మనిషి సెలవులో ఉంటారు. హైదరాబాద్‌లో కూర్చుని ఈమెయిల్ మీద అపోస్టీల్ తెప్పించుకోవడం నెలల పని.

పేరు దగ్గర జాగ్రత్త. అమెరికా కాగితాల్లో ఇంటిపేరు చివర ఉంటుంది. ఇక్కడి స్కూలు గుమస్తా అలవాటుగా దాన్ని ముందుకు తెచ్చి, ఒక్కోసారి ఇనీషియల్‌గా కుదించి రాసేస్తాడు. ఐదో తరగతిలో అది చిన్న విషయంగా కనిపిస్తుంది. తొమ్మిదిలో బోర్డుకు రిజిస్ట్రేషన్ పంపేటప్పుడు అదే పేరు వెళ్తుంది, పదో తరగతి మెమో మీద అదే అచ్చవుతుంది, అప్పుడు పాస్‌పోర్టుతో కలవదు. చేరేరోజే అడ్మిషన్ రిజిస్టరులో పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే, అక్షరం తేడా లేకుండా రాయించండి.

తేదీల విషయానికొస్తే, రాష్ట్ర సిలబస్ స్కూళ్ళు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, మీకు సరిగ్గా సరిపోతుంది. సీబీఎస్‌ఈ స్కూళ్ళు చాలావరకు మార్చి చివరో ఏప్రిల్‌లోనో కొత్త తరగతి మొదలుపెట్టి, కొన్ని వారాలు నడిపి, వేసవి సెలవులిస్తాయి. అంటే జూన్‌లో మీరు వచ్చేసరికి రెండు మూడు పాఠాలు అయిపోయి ఉంటాయి. సీటు ఖాయం కాగానే ఏప్రిల్ నోట్సు ఫొటోలు తెప్పించుకోండి.

ఇంకో రెండు ముక్కలు. 'ఇంటరాక్షన్' పేరుతో పిల్లకు రాతపరీక్ష పెడితే అది విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌కు విరుద్ధం. 8వ తరగతి దాకా చేరికకు పరీక్ష పెట్టకూడదు. ఆధార్ అడుగుతారు. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇచ్చే కార్డు) ఉన్న పిల్లలు గత 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటేనే ఆధార్ వస్తుంది, కాబట్టి పాస్‌పోర్టు, ఓసీఐ నకళ్ళతో ఒక ఉత్తరం రాసిచ్చి గడువు అడగండి. 16 ఏళ్ళలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు 5 ఏళ్ళే చెల్లుతుంది. కొత్తది నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో తీసుకోవాలి, మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళాలి. కొత్త పాస్‌పోర్టు వచ్చాక 3 నెలల్లోగా ఓసీఐ పోర్టల్లో దాన్ని ఎక్కించాలి. ఇది చాలామంది మరిచిపోయి విమానాశ్రయంలో గుర్తు చేసుకుంటారు.

ప్రశ్న: కాలిఫోర్నియా నుంచి వచ్చాం. అక్కడ లెక్కల్లో మా వాడికి ఎప్పుడూ మంచి గ్రేడే. ఇక్కడ ఐదో తరగతిలో భాగహారం రావడం లేదని, 'బేసిక్స్ వీక్' అని ట్యూషన్ మాస్టారు అంటున్నారు. అమెరికాలో ఏమీ చెప్పలేదా? – ఒక తండ్రి, మియాపూర్

చెప్పారు. వేరే దారిలో, వేరే వయసులో చెప్పారు. కాలిఫోర్నియా 2010లో తీసుకున్న కామన్ కోర్ (చాలా రాష్ట్రాలు ఉమ్మడిగా తీసుకున్న పాఠ్య) ప్రమాణాల్లో మనం నిలువుగా వేసే కూడికా తీసివేతా నాలుగో గ్రేడుకు, నిలువు గుణకారం ఐదుకు, నిలువు భాగహారం ఏకంగా ఆరుకు రావాలని ఉంది. హైదరాబాద్‌లో మూడు, నాలుగు తరగతుల్లోనే ఇవన్నీ అయిపోతాయి. మీ అబ్బాయి సరిగ్గా ఆ ఖాళీలో పడ్డాడు. (టెక్సాస్ ఈ ప్రమాణాలను తీసుకోలేదు, అక్కడి వరస కొంచెం వేరు. 'అమెరికా సిలబస్' అని ఒకటి లేదు.)

అక్కడ అతనికి నేర్పిన పద్ధతి ఇది. 7,896ని 24తో భాగించాలి. 24ను 300 సార్లు తీసేస్తే 7,200 పోయి 696 మిగులుతుంది. ఇంకో 20 సార్లకు 480 పోతే 216. దాన్లో 9 సార్లు. మొత్తం 329. ఇక్కడి మాస్టారు ఇదే లెక్కను 78లో 24 మూడు సార్లు, శేషం 6, 9ని దించితే 69లో రెండు సార్లు, శేషం 21, 6ను దించితే 216లో తొమ్మిది సార్లు అంటారు. ఆ 3, 2, 9 అంటే అబ్బాయికి తెలిసిన 300, 20, 9. ఒక కాగితం మీద రెండు పద్ధతులూ పక్కపక్కన రాసి చూపించండి. చాలామంది పిల్లలకు ఒక సాయంత్రంలో గుట్టు తెలిసిపోతుంది. తెలియనిది చేతి అలవాటు మాత్రమే.

ఆ అలవాటుకు ఒకటిన్నర, రెండు నెలలు పెట్టుకోండి. మొదట ఎక్కాలు. కామన్ కోర్ ప్రకారం మూడో గ్రేడు చివరికి ఒంటి అంకెల గుణకారాలు నోటికి రావాలి, ఇక్కడ 20 ఎక్కం దాకా అడుగుతారు. 12 దాకా తడుముకోకుండా వచ్చాకే 13 నుంచి 19 పట్టుకోండి. రోజుకు ఒక ఎక్కం, పైనుంచి కిందికి ఒకసారి, మధ్యమధ్యలోంచి అడిగి ఒకసారి. తర్వాత ఒంటి అంకె భాజకంతో రోజుకు 5 లెక్కలు, అవి తప్పు లేకుండా వారం సాగితే రెండంకెల భాజకం. 50 లెక్కలు ఒకేరోజు చేయించే మాస్టారి దగ్గరికి మాత్రం పంపకండి. మూడోరోజుకు పిల్లాడు లెక్కలంటేనే ముఖం తిప్పుకుంటాడు.

ఎక్కువగా పోయేది భాగఫలంలో సున్నా. 8,416ను 8తో భాగిస్తే 1,052 రావాలి, పిల్లలు 152 రాస్తారు. 4ను దించినప్పుడు 8 పోదు కాబట్టి పైన సున్నా వేసి, ఆ తర్వాతే 1ని దించాలి. గళ్ళ పుస్తకంలో గడికొక అంకె రాయిస్తే ఈ తప్పు కంటికే కనిపిస్తుంది.

రెండోది కామాలు. అతను 520,000 అని రాస్తాడు, ఇక్కడ 5,20,000 అని రాయాలి. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు అని గోడకు అంటించండి. చేతిరాత కూడా చూడండి. అమెరికాలో చాలా బడులు కొన్నేళ్ళు కలిపిరాతను వదిలేశాయి, ఇక్కడ బోర్డు మీదిది దింపుకునే వేగం కావాలి. నాలుగు గీతల పుస్తకంలో రోజుకు సగం పేజీ చాలు. అన్నట్టు, భిన్నాల్లో మీవాడు తరగతిలో చాలామందికన్నా గట్టిగా ఉండే అవకాశం ఉంది. కామన్ కోర్ మూడు, నాలుగు, ఐదు గ్రేడుల్లో వాటిమీదే ఎక్కువ కాలం పెడుతుంది. ఆ మాట మాస్టారికి చెప్పండి, పిల్లాడి ముందే.

ప్రశ్న: మా పాప ఏడో తరగతిలో చేరుతోంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తెలుగు తీసుకోకుండా తప్పించుకునే దారి ఉందా? – ఒక తల్లి, నల్లగండ్ల

తప్పించుకోవడం దేనికండీ, మాట్లాడుతుందంటే ముప్పాతిక పని అయిపోయినట్టే. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ స్కూళ్ళు సహా అన్నిచోట్లా తెలుగు బోధించాలి. స్కూలు ఏ వాచకం వాడుతోందో అడగండి. తొమ్మిది, పది తరగతులకు 'సింగిడి' కాస్త బరువైనది, 'వెన్నెల' తేలికైనది. సీబీఎస్‌ఈ వంటి బోర్డుల స్కూళ్ళలో తొమ్మిదో తరగతికి 2025–26 నుంచి 'వెన్నెల' వాడమని ప్రభుత్వం చెప్పింది.

నేర్పేటప్పుడు అ, ఆలతో మొదలుపెట్టి ఱ దాకా వరసగా దిద్దించకండి. పన్నెండేళ్ళ పిల్లకు విసుగు. ఒకేలా కనిపించేవాటిని గుంపుగా పట్టండి: ప, వ, స, మ ఒక రోజు, డ, ద, ధ, థ ఒక రోజు, గ, శ ఇంకోరోజు. అక్షరాలు పూర్తి కాకముందే మాటలు చదివించాలి: పస, వల, గడప, దడ. తర్వాత గుణింతం. ఇక్కడ కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ తేడా పట్టుకోవడానికి వారాలు పడుతుంది, తొందరపెట్టకండి. ఒత్తుల్లో చాలావాటిని చూడగానే పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అక్షరాన్ని పోలి ఉండవు, ఆ ఆరూ విడిగా కంఠస్థం చేయించండి: అత్త, అన్న, అమ్మ, అయ్య, చక్రం, పిల్ల. రోజుకు 20 నిమిషాలు. బస్సుల మీద, షాపుల మీద బోర్డులు చదివించడం మంచి అభ్యాసం. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో వెళ్తే కిటికీలోంచి ఒక వాచకమంత చదవొచ్చు.

ప్రశ్న: న్యూజెర్సీలో అమ్మాయి పదో గ్రేడ్ చదువుతోంది. డాక్టర్ కావాలంటుంది. ఇక్కడ ఇంటర్‌లో చేర్చి నీట్ రాయిద్దామనుకుంటున్నాం. తనకు ఓసీఐ ఉంది. – మనవరాలి కోసం ఒక తాతగారు, దిల్‌సుఖ్‌నగర్

తాతగారూ, ఈ ఉత్తరం రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే బాగుండేది. ఇప్పుడైనా మూడు సంగతులు విడివిడిగా చూసుకోండి.

మొదటిది స్థానికత. తెలంగాణలో స్థానిక అభ్యర్థిగా (స్థానికుల కోటా సీట్లకు) లెక్కకు రావాలంటే అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఇక్కడ చదవాలి. వైద్యవిద్యకు 2024లో ప్రభుత్వం 9, 10, ఇంటర్ రెండేళ్ళు అని ఖాయం చేసింది. ఇంటర్‌లో వచ్చి చేరితే రెండేళ్ళే అవుతాయి. అందుకే తిరిగి రావాలనుకునే ప్రతి కుటుంబానికీ మేం చెప్పేది ఎనిమిది పూర్తికాగానే రమ్మని. సీబీఎస్‌ఈ లెక్కలోనూ అదే గడప. తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది, నేరుగా పదిలో చేరడం దాదాపు కుదరదు, విదేశీ బడి నుంచి వచ్చేవాళ్ళకు బోర్డు అనుమతి కావాలేమో స్కూల్లో అడగండి.

రెండోది ఓసీఐ. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ వంటి పరీక్షల ద్వారా ఎన్‌ఆర్‌ఐ సీట్లకు, అదనపు సీట్లకు మాత్రమే అర్హులు. అది వెనకటివాళ్ళకు వర్తించదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆచరణలో చూసేది, కార్డు ఆ తేదీకి ముందు జారీ అయిందా లేదా అని. మీ మనవరాలి మొదటి కార్డు చిన్నప్పుడే తీసుకుని ఉంటే, దాని నకలు బంగారంలా దాచండి. పాస్‌పోర్టు మారి కార్డు మళ్ళీ తీసుకుని ఉంటే దాని మీద కొత్త తేదీ ఉంటుంది, పాతది చూపించకపోతే లెక్క తారుమారవుతుంది. స్థానికత వేరు, ఓసీఐ వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

మూడోది పాఠాలు. అమెరికా హైస్కూల్లో సాధారణంగా తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ, పదకొండులో ఫిజిక్స్ ఏడాదికొకటిగా చదువుతారు. ఇక్కడ మూడూ ఆరో తరగతి నుంచే కలిసి నడుస్తాయి. అంటే మీ మనవరాలు ఫిజిక్స్ పుస్తకం ఇంకా తెరిచి ఉండకపోవచ్చు. ఇంటర్ మొదటి వారంలోనే వెక్టర్లు, త్రికోణమితి కావాలి. జూన్‌లోపు ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిది, పది సైన్సు పుస్తకాల్లో చలనం, బలం, విద్యుత్తు, కాంతి పాఠాలు, పది లెక్కల్లో త్రికోణమితి, వర్గ సమీకరణాలు పూర్తి చేయించండి. పదో గ్రేడుకు అక్కడ బోర్డు పరీక్ష ఉండదు గనక పాస్ సర్టిఫికెట్ ఉండదు, ట్రాన్‌స్క్రిప్టే (చదివిన కోర్సుల, మార్కుల పత్రం) ఆధారం. దాన్ని సీలు వేసిన కవరులో రెండు ప్రతులు తెప్పించి, ఇంటర్ బోర్డు నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి.

పన్నెండు కూడా అక్కడే చదివి వస్తానంటే ఏఐయూ, అంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం, ఇచ్చే సమానత్వ పత్రం కావాలి. అప్పుడు చివరి రెండేళ్ళలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఉండేలా ఇప్పుడే కౌన్సిలర్‌తో మాట్లాడి కోర్సులు ఎంచుకోవాలి. పదిలో కెమిస్ట్రీ అయిపోయిందని వదిలేస్తే తర్వాత ఇబ్బంది. మా అభిప్రాయం అడిగితే, కార్డు తేదీ 2021 మార్చికి తర్వాతదైతే ఇంటర్ ఆలోచన మానుకుని అక్కడే చదవనివ్వండి.

ప్రశ్న: అక్టోబరులో మేం న్యూజెర్సీ వెళ్తున్నాం. బాబు ఇక్కడ మూడో తరగతి. టీకాలన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే వేయించాం. స్కూల్లో ఇబ్బంది ఉంటుందా? – ఒక తల్లి, ఉప్పల్

సీటుకు ఇబ్బంది లేదు. మీరుండే చిరునామానుబట్టి ప్రభుత్వ బడి ఉచితంగా చేర్చుకుంటుంది. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు చూపాలి. వీసా రకంతో వాళ్ళకు పని లేదు, 1982 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు అది. టీకాల దగ్గరే చిక్కు. ఇక్కడ పద్ధతిగా వేయించినవి కూడా అక్కడి లెక్కలో కొన్ని చెల్లవు.

9వ నెలలో వేసిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) డోసు లెక్కలోకి రాదు, ఎందుకంటే మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన తట్టు టీకాను వాళ్ళు లెక్కించరు. ఏడాదిన్నరకు వేసింది తట్టుకు చెల్లుతుంది, కానీ అందులో గవదబిళ్ళల టీకా లేదు. కాబట్టి గవదబిళ్ళలు కూడా కలిసిన ఎంఎంఆర్ కావాలి: న్యూజెర్సీ బడికి ఒక డోసు చాలు, వైద్యుల సిఫారసు రెండు డోసులు, నడుమ కనీసం 28 రోజులు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ జాబితాలోనే లేదు, అదీ బడికి ఒక డోసు చాలు, సిఫారసు రెండు డోసులు, 13 ఏళ్ళలోపు పిల్లలకు మూడు నెలల ఎడం. ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ ఒకేరోజు వేయొచ్చు, లేదంటే 28 రోజులు ఆగాలి. హెపటైటిస్ బి చివరి డోసు 24 వారాల వయసు దాటాక పడాలి. మన పద్ధతిలో 14 వారాలకే అయిపోతుంది, ఇంకొకటి వేయమంటారు. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన పోలియో చుక్కలను లెక్కించరు, ఇంజెక్షనే కావాలి. ఎడాలు చూశారుగా, జూన్‌లోనే పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టండి.

టీకా కార్డు మీద టిక్కులుంటే చాలదు, ప్రతి డోసుకూ తేదీ కావాలి. ఆ తేదీలో నెలను అక్షరాల్లో రాయించండి. 05-08 అని ఉంటే మనకు ఆగస్టు 5, వాళ్ళకు మే 8. బీసీజీ (క్షయ టీకా) వేసిన పిల్లలకు క్షయ చర్మపరీక్ష పాజిటివ్ చూపించొచ్చు, అలాంటప్పుడు రక్తపరీక్ష చేయమని అడగండి.

చేర్చేరోజు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని నిజమే రాయండి. బాబుకు ఇంగ్లీషు పరీక్ష పెడతారు, న్యూజెర్సీలో విడా అనే పద్ధతిలో 1 నుంచి 6 స్థాయిలు. తక్కువ వస్తే రోజులో కొంతసేపు విడిగా ఇంగ్లీషు చెబుతారు. ఏడాది మధ్యలో చేరినవాళ్ళ తల్లిదండ్రులకు రెండు వారాల్లో ఆ సంగతి ఉత్తరంగా తెలపాలి. మనవాళ్ళు కొందరు దాన్ని అవమానంగా తీసుకుని వద్దంటారు. వద్దనే హక్కు మీకుంది, కానీ ఉచితంగా వచ్చే సాయాన్ని కాదనుకోవడంలో గొప్పేముంది? అదీగాక మూడో గ్రేడు నుంచి చదవడంలో, లెక్కల్లో ఏటా రాష్ట్ర పరీక్ష ఉంటుంది.

ప్రశ్న: అక్కడ మా పాపకు డిస్లెక్సియా (చదవడంలో, రాయడంలో ఇబ్బంది) అని ఐఈపీ (ఆ పిల్లకోసం బడి విడిగా రాసిచ్చే బోధన ప్రణాళిక) ఉండేది. ఇక్కడ స్కూలు దాన్ని గుర్తించడం లేదు. – ఒక తండ్రి, ఎల్బీనగర్

ఐఈపీకి ఇక్కడ చట్టబలం లేదు, కానీ దాని వెనకున్న మూల్యాంకన నివేదికకు విలువ ఉంది. పూర్తి నివేదిక, పరీక్షల స్కోర్లతో సహా తెప్పించుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. సర్టిఫికెట్‌కు ప్రభుత్వ యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్లో దరఖాస్తు చేయాలి. మళ్ళీ పరీక్షించాల్సి వస్తే బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లోనే ఆ వివరం పడాలి. పదిలో పరుగెత్తకండి.

ప్రశ్న: అక్కడ గలగలా మాట్లాడే మా అబ్బాయి ఇక్కడ నోరు విప్పడం లేదు. 'చాలా ప్రశ్నలు అడుగుతాడు' అని టీచర్ ఫిర్యాదు చేశాకే ఇలా అయ్యాడు. అపార్ట్‌మెంట్లో పిల్లలతో కూడా కలవడు. – ఒక తల్లి, మణికొండ

టెక్సాస్‌లో నాలుగో గ్రేడు దాకా తరగతికి 22 మంది కన్నా ఎక్కువ ఉండకూడదని నియమం. ఇక్కడ సీబీఎస్‌ఈ సెక్షన్‌లో 40 మంది సామాన్యం. పీరియడ్ 40 నిమిషాలనుకుంటే పిల్లకు నిమిషం వంతు. టీచర్ ఆపడం మొరటుతనం కానక్కర్లేదు, గంట కొట్టేలోపు పాఠం అవ్వాలి. అలాగని 'నోరు మూసుకుని కూర్చో' అని మీరూ చెప్పకండి. ప్రశ్నను నోట్సు చివరి పేజీలో రాసుకుని పీరియడ్ అయ్యాక అడగమనండి, టీచర్‌తో ఆ ఏర్పాటు మీరే మాట్లాడండి. చాలామంది టీచర్లు సంతోషంగా ఒప్పుకుంటారు. కొట్టడం, అవమానించడం మాత్రం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నేరుగా నిషిద్ధం, అది జరిగితే మొహమాటం లేకుండా రాతపూర్వకంగా ఇవ్వండి.

ఆట సంగతి వేరు. అక్కడ పిల్లలు ఆడుకోవాలంటే తల్లులు వారం ముందు మాట్లాడుకుని, గంటలు ఖాయం చేసుకుని, కార్లో దింపాలి. ఇక్కడ సాయంత్రం ఐదున్నరకు సెల్లార్లోకి దిగితే చాలు, ఎవరూ పిలవరు. పిలుపు కోసం చూసే పిల్లాడికి అది తెలియదు. బంతి చేతికిచ్చి దింపండి, క్రికెట్లో వన్-పిచ్ క్యాచ్ లాంటి గల్లీ నియమాలు ముందే చెప్పండి. అమెరికా బాల్యం కంటే మన బాల్యంలో ఇది మేలని మేం నమ్మకంగా చెప్పగలం, ట్యూషన్లు ఆ ఐదున్నరను మింగేయకపోతే.

ప్రశ్న: మేరీల్యాండ్‌లో కోడలు ఏడేళ్ళ మనవణ్ణి పది నిమిషాలైనా ఇంట్లో ఒంటరిగా వదలదు. అంత భయమెందుకు? – ఒక నానమ్మ, సికింద్రాబాద్

మీ కోడలిదే సరి. ఆ రాష్ట్రంలో 8 ఏళ్ళలోపు పిల్లల్ని ఒంటరిగా వదలడం నేరం, చూసుకునేవాళ్ళకు కనీసం 13 ఏళ్ళుండాలి. మీరు వెళ్ళినప్పుడు కార్లో కూర్చోబెట్టి కొట్టుకు వెళ్ళడం కూడా వద్దు.

ప్రశ్న: అమెరికా బడిలో డబ్బా వేడి చేసి ఇస్తారా? మావాడు చల్లటి అన్నం తినడు. – ఒక తల్లి, బోడుప్పల్

మామూలుగా ఇవ్వరు. భోజనానికి దొరికేది కూడా 20, 25 నిమిషాలే, అందులో వరసలో నిలబడటం, చేతులు కడుక్కోవడం కలిపి. వెడల్పు మూతి స్టీలు థర్మాస్ కొనండి. పొద్దున అందులో మరిగే నీళ్ళు పోసి 5 నిమిషాలుంచి పారబోసి, వెంటనే పొగలు కక్కే అన్నం గొంతుదాకా నింపి మూత బిగించండి. సగం నింపితే మధ్యాహ్నానికి చల్లారిపోతుంది. పెరుగన్నం ఇందులో పెట్టకండి, పులుస్తుంది, దానికి ఐసు ప్యాకు ఉన్న సంచి. పల్లీలు, జీడిపప్పు వేసిన పులిహోర పంపేముందు తరగతిలో గింజల అలర్జీ నియమం ఉందేమో కనుక్కోండి. స్కూలు భోజనం తీసుకుంటే నెల మెనూ ముందే ఇస్తారు. గొడ్డు మాంసం, పంది మాంసం తినని పిల్లలకు పెపరోనీ పిజ్జా, హాట్‌డాగ్ ఏమిటో ఫొటో చూపించి చెప్పాలి. ఇక థర్మాస్ మూత. కొన్న రోజే బాబు చేత పదిసార్లు తీయించి చూడండి. మీరు బిగించినంత గట్టిగా బిగిస్తే వాడు తీయలేక అలాగే ఇంటికి తెస్తాడు.